పుస్తకాలకు ఇల్లు చూపించిన నవాబు ఇమాదుల్ ముల్క్

బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ వైపు కొన్ని పాత ముస్లిం ఇళ్లల్లో అల్మారా పై అరలో ఒక గుడ్డ మూట ఉంటుంది. అందులో దాదాల కాలం నాటి ఉర్దూ, ఫార్సీ కితాబులు, ఇనాం కాగితాలు, అట్ట ఊడిపోయిన ఒకటి రెండు చేతిరాత పుస్తకాలు. చదివేవాళ్లు ఇంట్లో లేరు. పారేద్దామంటే మనసు ఒప్పదు, దాచుకుందామంటే చెదలు వదలవు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. నూట ముప్పై ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో ఒకాయన దీనికి దారి వెతికారు. ఆయనే నవాబ్ ఇమాదుల్ ముల్క్. అసలు పేరు సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ.

ఆయన దక్కన్ మనిషి కాదు. 1842లో బీహార్‌లోని గయలో పుట్టారు. పూర్వీకుల ఊరు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బిల్‌గ్రామ్. సయ్యదుల కుటుంబం, చదువుకు పేరున్న ఇల్లు. అరబీ, ఫార్సీ ఇంట్లోనే వంటబట్టాయి. ఆ పైన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లిష్ చదువు. డిగ్రీ చేతికొచ్చాక లక్నో కానింగ్ కాలేజీలో అరబీ ప్రొఫెసర్ అయ్యారు. పాత చదువు, కొత్త చదువు రెండూ తెలిసినవాళ్లు ఆ రోజుల్లో తక్కువ. అందుకే నిజాం దీవాన్ మొదటి సాలార్ జంగ్ కంట్లో పడ్డారు. 1873లో హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర కొలువులో చేరారు.

1883లో సాలార్ జంగ్ ఇంతకాలు చేశారు. తర్వాత బిల్‌గ్రామీ కొన్నాళ్లు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ప్రైవేట్ సెక్రటరీగా పనిచేశారు. ఆపైన రాజ్యంలో విద్యాశాఖ మొత్తం ఆయన చేతికి వచ్చింది. బడులు పెంచారు. ఔరంగాబాద్, హైదరాబాద్, వరంగల్‌లలో చేతిపనులు నేర్పే బడులు పెట్టించారు. కానీ ఆయన పేరు ఎక్కువగా నిలబెట్టింది పుస్తకాల పనే.

ఆ పని రెండు దారుల్లో నడిచింది. మొదటిది అచ్చు. 1888లో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఫారూఖీలతో కలిసి దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థకు పునాది వేశారు. ఎక్కడెక్కడో మిగిలిపోయిన అరుదైన అరబీ చేతిరాత ప్రతులు తెప్పించడం, ఒకే పుస్తకానికి దొరికిన నకళ్లను పక్కపక్కన పెట్టి తప్పులు సరిచూడడం, చివరికి అచ్చు వేయడం. ఇదీ అక్కడి పని. ఒకే ఒక్క ప్రతి ఉన్న పుస్తకం కాలిపోతే పోయినట్టే. అచ్చయితే దేశదేశాల్లో బతుకుతుంది. హదీసుతో పాటు చరిత్ర, వైద్యం, ఖగోళం పుస్తకాలూ అక్కడి నుంచి వచ్చాయి. అల్ బీరూనీ ఖగోళ గ్రంథం ఖానూన్ మస్ఊదీని 1950లలో అచ్చు వేసింది ఆ సంస్థే. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో అది నేటికీ ఉంది.

రెండో దారి కుతుబ్‌ఖానా. 1891లో ఆబిడ్స్‌లో ఆసఫియా గ్రంథాలయం మొదలైంది. అంతకుముందు మంచి పుస్తకాలు నవాబుల దేవిడీల్లో, మదరసాల్లో, ఖాన్‌ఖాల్లో ఉండేవి. చూడాలంటే ఎవరో ఒకరి పరిచయం కావాలి. సర్కారీ కుతుబ్‌ఖానా వచ్చాక ఆ తలుపు కాస్త తెరుచుకుంది.

అయితే ఒక లోటు కూడా చెప్పుకోవాలి. అప్పటి సర్కారు చదువు ఫార్సీ, ఉర్దూ, ఇంగ్లిష్ చుట్టూనే తిరిగేది. రాజ్యంలో లక్షలాది జనం మాట్లాడే తెలుగుకు అందులో దక్కింది తక్కువ. ఆ ఖాళీ నింపడానికి 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు అదే నగరంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. ఒకటి సర్కారు ఖర్చుతో వచ్చింది, ఇంకొకటి జనం చందాలతో లేచింది. రెండూ కాపాడింది ఈ నేల జ్ఞాపకాన్నే.

1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌లో మొట్టమొదటిసారి ఇద్దరు భారతీయులకు చోటిచ్చారు. ఒకరు కృష్ణగోవింద గుప్తా, రెండోవారు బిల్‌గ్రామీ. అంత పెద్ద పదవి చూసి వచ్చాక కూడా ఆయన పుస్తకాలను వదల్లేదు. 1912లో యువ సాలార్ జంగ్ దీవాన్ అయినప్పుడు పక్కనుండి సలహా చెప్పిన పెద్దమనిషి ఈయనే. ముసలితనంలో ఖురాన్‌ను ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేయడానికి కూర్చున్నారు. అది పూర్తి కాలేదు. 1926లో కన్నుమూశారు.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఆ గొప్ప భవనాన్ని ఆయన చూడలేదు. దానికి 1932లో శంకుస్థాపన జరిగింది, 1936లో పుస్తకాలు అక్కడికి చేరాయి. ఇప్పుడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. మొదట చోటు దొరకని తెలుగు ఇవాళ ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ పక్కనే అదే కప్పు కింద ఉంది. చేతిరాత ప్రతులను విడిగా ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రపరిచారు.

బత్తలపల్లికి ఈ కథతో ఏం పని అనుకోవచ్చు. 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన మండలాల్లో అనంతపురం ప్రాంతం కూడా ఉంది. అందువల్ల ఆసఫియా పుట్టేనాటికి ఇక్కడివాళ్లు మద్రాసు పాలన కింద ఉన్నారు. ఇక్కడి ఇళ్లల్లోని కాగితాలను సేకరించడానికి హైదరాబాద్ నుంచి ఎవరూ రావాల్సిన పని లేకపోయింది. ఆ బాధ్యత ఇళ్లవాళ్ల మీదే మిగిలింది.

ఇంటి పన్ను కట్టినప్పుడు రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. అంటే శాఖా గ్రంథాలయం మన డబ్బుతో నడిచేదే. అల్మారా మీది మూటను పాత సామాన్ల బండికి వేసే ముందు ఒకసారి విప్పాలి. ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏ పుస్తకం ఎవరిది, ఏ కాగితం ఏ సంగతిదో ఒక నోటుబుక్కులో తెలుగులో రాయించాలి. ఆ తర్వాత గ్రంథాలయాధికారికి చూపించాలి. ఇమాదుల్ ముల్క్ చేయించిన పని కూడా ఇలాంటి జాబితాతోనే మొదలవుతుంది. ఆ పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఇది జరగాలి.