చూపు తగ్గినా ఆగని ఫిడేలు



ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో మన చిక్కబళ్లాపురానికి దగ్గరి బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందగించినందున బడి చదువు ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు నేర్పారు.

చాగంటి గంగరాజు అనే అంధ బాలుడు సంగీతం నేర్చుకొనగోరగా, విజయనగరం రాజా విజయరామ గజపతిరాజు గారు 1919లో సంగీత కళాశాలనే స్థాపించారు. అక్కడ విద్యార్థిగా చేరవచ్చిన 26 ఏండ్ల నాయుడు గారిని ఆచార్యునిగా నియమించారు. 1936లో ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. 1957లో పద్మశ్రీ అందుకొని, 1964లో కన్నుమూశారు.

ఒక్క బాలుని కొరకు చేసిన సాయం ఎందరికో విద్యాదానమైనది. బాగేపల్లి, చింతామణిలలో మనమును వికలాంగ బిడ్డ కోరికను ముందు అడిగి, ఆ చదువుకే మన సొమ్ము ఇద్దాము.