కార్ల్ ఫాన్ ముల్లర్ - ఎమ్డెన్ నౌక బందీలు

యుద్ధకాలమున సముద్రముపై పట్టుబడినవారి చరిత్రలో చీకటి పుటలే అధికము. అమెరికా స్వాతంత్ర్య సమరమున ఆంగ్లేయులు న్యూయార్కు రేవులో నిలిపిన జెర్సీ అను పాత ఓడ అడుగుభాగమున ఆకలిచేతను, జ్వరములచేతను వేలకొలది ఖైదీలు మడిసిరి. అట్టి చరిత్రలో ఒక జర్మన్ నావికుని పేరును శత్రువులు సైతము గౌరవముతో తలచుట వింతగనే తోచును. ఆతడు మన తీరమునకు ఎంతో దూరమున మెలగినవాడు కాడు. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి మద్రాసుపై ఫిరంగులు ప్రేల్చిన ఎమ్డెన్ నౌకకు ఆతడే అధిపతి.

కార్ల్ ఫాన్ ముల్లర్ 1873లో హనోవరు నగరమున ఒక సైనికాధికారి యింట జన్మించెను. 1891లో నౌకాదళమున చేరెను. తూర్పు ఆఫ్రికా తీరమున పనిచేయునపుడు పట్టుకొనిన మలేరియా జీవితాంతము ఆతని విడువలేదు. మితభాషి. 1913లో ఎమ్డెన్ ఆతని వశమాయెను. యుద్ధము వచ్చినంతనే తక్కిన జర్మన్ నౌకలను వీడి, ఒంటరిగా హిందూ మహాసముద్రమున ప్రవేశించెను. బొగ్గునకై మార్కొమానియా అను ఓడ వెంట నుండెను. ఎమ్డెనుకు మూడే పొగగొట్టములు. దూరమునుండి చూచువారు ఆంగ్లనౌకయని భ్రమించునట్లు కృత్రిమముగా నాల్గవదానిని నిలిపిరి.

సెప్టెంబరు 10న బంగాళాఖాతమున ఇండస్ అను ఆంగ్ల నౌక చిక్కెను. దానిలో పెట్టెలకొలది సబ్బు దొరకెను. సబ్బు నిండుకొని యిబ్బందిపడుచున్న జర్మన్ నావికులకు అంతకు మించిన కానుక లేదు! మరునాడు లోవట్, ఆ మరునాడు కబింగా పట్టుబడెను. కబింగాలోని సరకు అమెరికా వర్తకులది, అనగా తటస్థులది. ముంచినచో జర్మనీ నష్టపరిహార మీయవలసివచ్చును. పైగా ఆ నౌక కెప్టెన్ భార్యయు, బిడ్డయు అందుండిరి. ముల్లర్ దానిని ముంచక, తక్కిన ఓడలనుండి దింపినవారి నందరిని అందెక్కించెను. బందీల ఓడ యనినచో నిదియే. 13వ తేదిన తేయాకుతో పోవుచున్న డిప్లొమాట్ మునిగెను. దాని జనమును కబింగాకే చేరిరి. 14న ఆ ఓడను కలకత్తా వైపు విడిచిపుచ్చునపుడు, బందీలు తమను పట్టినవారికే జయజయధ్వానములు చేసిరి.

ఈ మర్యాద వెనుక లెక్క లేకపోలేదు. వందలకొలది బందీలను తనయొద్ద నుంచుకొనుటకు ఎమ్డెనులో చోటు లేదు, ఆహారము లేదు. కాని అదే అవసరము మరియొకనిని మరియొక దారి పట్టించెను. 1916 చివర బయలుదేరిన వోల్ఫ్ అను జర్మన్ నౌక, తన జాడ తెలియకుండుటకై, పట్టినవారిని విడువక ఓడ గర్భమున నుంచి 451 దినములు తిరిగెను. నాలుగు వందలకు పైబడిన బందీలు స్కర్వీ రోగముతో కృశించి 1918లో కీల్ రేవు చేరిరి. ముల్లరో, బందీలు రేవు చేరినంతనే తన జాడ బయటపడునని తెలిసియే వారిని విడిచెను.

మాకిచట ఒక మాట చెప్పవలెననిపించును. ఆనాటి ఆంగ్ల వర్తకనౌకలపై కొలుముల యొద్దను, డెక్కుపైనను చాకిరి చేసినవారిలో అనేకులు లాస్కర్లు, అనగా చిట్టగాంగు, సిల్హెట్ మొదలగు ప్రాంతముల పేదలు, అందు ముస్లిములు చాలమంది. ఎమ్డెన్ కథలు వ్రాసినవారు కెప్టెన్లను, వారి కుటుంబములను గూర్చి ముచ్చటించిరి. లాస్కర్లు మాత్రము ఒక గుంపుగా కనబడి మాయమగుదురు.

మద్రాసుపై సుమారు 130 గుండ్లు పడెను. బర్మా ఆయిల్ కంపెనీ తొట్లు మండెను. చమురునే గురిచేసెననుట నిజమే; అయినను కనీసము ఐదుగురు చనిపోయిరి, భయముతో వేలాదిమంది నగరము విడిచిరి. పిమ్మట ఎమ్డెన్ ఒకవైపు దీపములు కనబడునట్లు ఉత్తరముగా, అనగా మన నెల్లూరు తీరపు దిక్కుగా సాగి, దీపములార్పి దక్షిణమునకు మరలెను.

అక్టోబరు 28న పెనాంగు వద్ద రష్యా నౌకను, ఫ్రెంచివారి మూస్కే అను నౌకను ముంచినపుడు, శత్రువు ఏక్షణమున వచ్చునో తెలియని స్థితిలోను ముల్లర్ ఆగి 36 మంది ఫ్రెంచి నావికులను నీటినుండి తీయించెను. గాయములచే మరణించిన ముగ్గురిని సైనిక మర్యాదలతో సాగరమున కప్పగించి, తక్కినవారిని ఎదురైన న్యూబర్న్ అను ఆంగ్ల ఓడలో సబాంగు రేవునకు పంపెను.

నవంబరు 9న కోకోస్ దీవులవద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెనును ఛిద్రము చేసెను. నూట ముప్పదికి పైగా జర్మనులు మడిసిరి. గాయపడినవారు నీరు లేక మరునాటివరకు శిథిలనౌకపై తపించిరి. ఇప్పుడు ముల్లరే బందీ. సిడ్నీ కొలంబో చేరునపుడు, ఓడపై క్షతగాత్రులున్నందున హర్షధ్వానములు చేయవలదని దాని కెప్టెన్ గ్లాసప్ ముందుగా కబురంపెను. ముల్లర్ ఖడ్గమును ఆతనియొద్దనే ఉండనిచ్చిరి.

సింగపూరున కొందరు ఎమ్డెన్ నావికులు నిర్బంధములో నుండిరి. 1915 ఫిబ్రవరి 15న అచట తిరుగుబాటు చేసిన ఐదవ లైట్ ఇన్ఫెంట్రీ సిపాయీలు, హిందూస్థానపు ముస్లిములు, ఆ చెర తలుపులు తెరచిరి. జర్మనులలో పెక్కురు వారితో చేరలేదు. లౌటర్‌బాఖ్ అను అధికారియు, మరికొందరును పారిపోయిరి. సిపాయీలలో 47 మందిని బహిరంగముగా కాల్చి చంపిరి. చెరపట్టిన శత్రువునకు లభించిన మర్యాద, కొలువులోని సిపాయీకి లభింపలేదు.

ముల్లరును మాల్టాలో నుంచి, 1916లో ఇంగ్లండునకు తరలించిరి. 1917లో ఇరువదిమందికి పైబడిన అధికారులతో సొరంగము ద్వారా తప్పించుకొని మరల చిక్కెను. మలేరియా ముదిరినందున 1918లో హాలెండునకు పంపగా, ఆ యేటనే స్వదేశము చేరెను. తన గాథను గ్రంథముగా వ్రాయుమని కోరినవారికి, సహచరుల నెత్తుటితో ధనార్జన చేసినట్లగునను భావముతో నిరాకరించెను. కొలువు విడిచి, బ్రున్స్విక్ ప్రాంతపు శాసనసభకు ఎన్నికై, 1923 మార్చి 11న, ఏబదియేండ్లు నిండకముందే కన్నుమూసెను.