ఆల్ఫ్రెడ్ విల్ము మహాశయుని చరిత్రము

లోహమును నమ్మి జీవించు మన విశ్వకర్మ వంశీయులు, ఏ దేశమున జనించిన లోహవిద్యాకోవిదుని చరిత్రమునైనను తమవాని చరిత్రమువలెనే చదువదగును. కావున తేలికలోహమునకు బలము గూర్చిన ఆల్ఫ్రెడ్ విల్ము మహాశయుని గూర్చి ఈ సంచికయందు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఈయన 1869 వ సంవత్సరము జూన్ 25 వ తేదీన, నాడు జర్మనీ యేలుబడిలోనుండి నేడు పోలండులో చేరియున్న సైలీషియా సీమయందు జన్మించెను. పెద్దవాడై, బెర్లిను నగర సమీపమున న్యూబాబెల్స్‌బెర్గునందలి పరిశోధనాలయమున లోహపరీక్షలు చేయుచుండెను. తూటాల గొట్టములను ఇత్తడికి మారుగా అల్యూమినియముతో చేయవలెనని ఆనాటి ప్రయత్నము. అల్యూమినియము మిక్కిలి తేలిక, కాని మెత్తన. దానిని గట్టిపఱచు మార్గమును విల్ము వెదకెను.

ఎఱ్ఱగా కాల్చిన ఉక్కు నీట ముంచిన గట్టిపడునని మన కమ్మరు లెల్లరు నెఱుగుదురు. విల్మును ఆ పద్ధతినే అవలంబించెను. అల్యూమినియమున నూటికి నాలుగు పాళ్లు రాగియు, అరపాలు మెగ్నీషియమును కలిపి, సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచి, చప్పున చల్లార్చెను. బలము వెంటనే రాలేదు. 1906 లో నొక శనివారమున కొలిచి విడిచిన రేకును సోమవారమున మరల కొలువగా, అది తనంతట తానే గట్టిపడి యుండెను. మఱియొకడైనచో కొలత తప్పెనని త్రోసివేసియుండును. విల్ము దినదినమును కొలిచి, నాలుగైదు దినములవఱకు బలము హెచ్చుచుండుటను వ్రాసియుంచెను.

1909 లో డ్యూరెన్ పట్టణపు లోహకర్మాగారము ఆ హక్కును పొందెను. ఆ లోహమే డ్యూరాల్యూమిన్. జెప్పెలిన్ ఆకాశనౌకల గూళ్లును, పిమ్మట విమానములును దానితో నిర్మింపబడెను. విల్ము 1911 లో తన పరీక్షలను ప్రకటించి, 1919 లో లోహవిద్యను వదలి సేద్యమునకు మరలెను.

ఆ బలమునకు కారణ మాయన యెఱుగడు. సూక్ష్మదర్శినిలో నేమియు కానరాకుండెను. 1919 లో అమెరికాయందు మెరికా మొదలగువారు దానిని తర్కించిరి. వేడిపాకమున కరగిన చక్కెర చల్లారినపుడు పలుకులు కట్టినట్లు, వేడి అల్యూమినియమున కరగిన రాగి చల్లారిన పిమ్మట మెల్లగా వేఱుపడునని వారి యభిప్రాయము. విల్ము 1937 ఆగస్టు 6 వ తేదీన కాలధర్మము నొందెను. మఱుసటి యేడే ఫ్రాన్సున గినియేయు, ఇంగ్లండున ప్రెస్టనును, ఒకరి పని నొకరెఱుగక, ఎక్స్‌కిరణములచే ఆ మర్మమును పట్టిరి. రాగి పరమాణువులు ఒక్క పరమాణువంత మందముగల బిళ్లలుగా గుమిగూడి, లోహపు పొరలు జారకుండ అడ్డుపడుచున్నవి!

మన తెలంగాణమున కోనసముద్రమునందు మూసలలో మేలైన ఉక్కు తీసిన కమ్మరులు ఎవరికిని తీసిపోయినవారు కారు. కాని ఆ కొలుములు చల్లారినవి. చేతిలోని విద్య చేతితోనే పోయినది. విల్ము కారణ మెఱుగకున్నను కొలతలను వ్రాసియుంచెను గనుక, ఇతరులు కారణమును కనుగొనగలిగిరి. మన పెద్దలు నేటికిని పాటించు లోహముల పాళ్లను, కాకలను, చల్లార్చు వేళలను యువకులు అడిగి తెలిసికొని, పుస్తకముల కెక్కింతురుగాక యని మహాసభవారిని ప్రార్థించుచున్నాము.