బొల్లికి చర్మపు అతుకు వేసిన డాక్టర్ బెహల్

న్యూఢిల్లీ: బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు అసలే కాదు. అయినా ముఖంపై ఒక్క తెల్లమచ్చ కనిపిస్తే పెళ్లి సంబంధం తప్పిపోయే దేశం మనది. ఆ మచ్చకు శస్త్రచికిత్స చేయవచ్చని చూపిన తొలితరం వైద్యుల్లో ఢిల్లీ చర్మవైద్యుడు పి.ఎన్. బెహల్ ఒకరు.

ఇర్విన్ ఆసుపత్రిలో సేవలందించిన ఆయన, తరువాత గ్రేటర్ కైలాశ్‌లో స్కిన్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు. చర్మవైద్యంపై పాఠ్యగ్రంథమూ రచించారు. అయితే ఆయన పేరు నిలిచింది అతుకు వల్లనే.

మచ్చపై వెంట్రుకలు సైతం తెల్లబడితే, రంగునిచ్చే కణాలు కుదుళ్లలోనూ మిగలవు. మందుకు ఆ మచ్చ లొంగడం అరుదు. జర్మన్ శస్త్రవైద్యుడు థీర్ష్ 1874లో గాయాలను కప్పేందుకు ప్రచారంలోకి తెచ్చిన పలుచని చర్మపు అతుకును బెహల్ బొల్లికి వర్తింపజేసి, 1964లో ఫలితాలను ప్రచురించారు. మచ్చపై పొరను గీకి తొలగించి, తొడ వంటి చోటు నుంచి రోగి సొంత చర్మాన్నే తీసి పరచడం ఇందులోని పద్ధతి. కోత లోతైతే తీసినచోట కొత్త మచ్చ మిగులుతుంది. నేర్పంతా ఆ పలుచదనంలోనే ఉంది. వ్యాధి ఇంకా వ్యాపిస్తున్నవారికి మాత్రం ఇది పనికిరాదు, గాయమైన చోటే మళ్లీ తెల్లబడవచ్చు.

నేడు అదే నగరంలోని ఎయిమ్స్‌లో చర్మానికి బదులు దాని కణాలనే ద్రవంలో కలిపి పరుస్తున్నారు. చిన్న ముక్క పెద్ద మచ్చకు సరిపోతోంది.