మార్కస్ బార్ట్లే

మార్కస్ బార్ట్లే (1917 - 1993) తెలుగు, తమిళ, మలయాళ, హిందీ చిత్రాలకు పనిచేసిన సుప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) వంటి విజయా సంస్థ చిత్రాలకు ఛాయాగ్రహణం నిర్వహించాడు. నలుపు తెలుపు ఫిల్ముపై వెన్నెలను పండించినందుకు, చేతితో కట్టిన చిన్న నమూనాను తెరపై మహానగరంగా చూపినందుకు తెలుగు సినిమా చరిత్రలో ఇతనికి ప్రత్యేకమైన స్థానం ఉంది.

తొలి జీవితం

బార్ట్లే 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే ఫొటోగ్రఫీ పట్ల ఆసక్తి పెంచుకున్నాడు. 1935లో టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ఫొటోగ్రాఫరుగా చేరాడు. అనంతరం బ్రిటిష్ మూవీటోన్ సంస్థకు వార్తాచిత్రాల కెమెరామన్‌గా పనిచేశాడు. వార్తాచిత్రంలో జరిగిన సంఘటనను మళ్ళీ జరిపించి తీయడానికి వీలుండదు. ఉన్న వెలుతురులోనే, దొరికిన క్షణంలోనే పని ముగించాలి. తరువాతి కాలంలో ఇతడు పేరు తెచ్చుకున్నది ఇందుకు పూర్తిగా భిన్నమైన పనిలో. అక్కడ ప్రతి వెలుగు రేఖనూ తానే అమర్చుకోవలసి వచ్చింది.

సినీరంగ ప్రవేశం

బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ నిర్మించిన స్వర్గసీమ (1945) బార్ట్లే ఛాయాగ్రహణం వహించిన తొలి తెలుగు చిత్రం. ఆ తరువాత కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన గుణసుందరి కథ (1949) చిత్రానికి పనిచేశాడు. నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థను స్థాపించి నిర్మించిన తొలి చిత్రం షావుకారు (1950) మొదలుకొని ఆ సంస్థ ఆస్థాన ఛాయాగ్రాహకుడనదగినంతగా దానితో పెనవేసుకుపోయాడు. పాతాళభైరవి 1952లో జరిగిన భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది.

మాయాబజార్ - ద్వారక నమూనా

మాయాబజార్ చిత్రంలో కనిపించే ద్వారకా నగరం నిజానికి మద్రాసులోని వాహినీ స్టూడియోలో కట్టిన ఒక నమూనా. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల ఆధ్వర్యంలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలంలో సుమారు 300 చిన్న ఇళ్ళను నిర్మించి, వాటికి విద్యుద్దీపాలు అమర్చారు. మొత్తం స్థలం 3,000 చదరపు అడుగులు. అంటే వీధులతో, ఖాళీ స్థలాలతో కలుపుకొని ఒక్కొక్క ఇంటికి సగటున 10 చదరపు అడుగులు మాత్రమే దక్కింది. పలుమార్లు పరీక్షలు జరిపిన పిమ్మట దీనిని చిత్రీకరించారు.

నమూనాను ఎంత నేర్పుగా నిర్మించినా, దానిని చూపించడంలో తప్పు జరిగితే అది బొమ్మలకొలువుగానే మిగిలిపోతుంది. నగరమంతా ఒకే కాంతిలో, ఒకే స్పష్టతతో కనబడాలి. వెనుకనున్న ఇళ్ళు దూరాన ఉన్నట్లు తోచాలి. కిటికీలలోని దీపాలు వెలగాలి గాని గోడలను మింగివేయరాదు. ద్వారకను నిర్మించినవారు కళాదర్శకులు కాగా, దానిని ప్రేక్షకుడు నమ్మే నగరంగా మార్చే బాధ్యత ఛాయాగ్రాహకునిగా బార్ట్లేపై పడింది.

చిన్న నమూనాల చిత్రీకరణలో సూత్రాలు

ప్లాస్టిక్ విడిభాగాలను అతికించి కారు నమూనాలు తయారుచేసే అభిరుచి గలవారికీ, సినిమా మినియేచర్లు నిర్మించేవారికీ ఎదురయ్యే సమస్యలు దాదాపు ఒక్కటే. అమెరికాలో ఏ.ఎం.టి. సంస్థ 1958లో 1:25 కొలతలో ప్లాస్టిక్ కారు కిట్లను విడుదల చేసిన తరువాత ఈ అభిరుచి విస్తృతంగా వ్యాపించింది. మాయాబజార్ అంతకు ఒక సంవత్సరం ముందు విడుదలైన చిత్రం.

* రంగు: 1:25 కొలతలో కారు 25 రెట్లు చిన్నదవుతుంది గాని, దానిపై పూసే రంగు పొర తనంతట తాను పలుచబడదు. మందంగా పూస్తే తలుపుల సందులు, అంచులు పూడిపోతాయి. మెరుపు ఎక్కువైతే అది ఆటవస్తువని వెంటనే తెలిసిపోతుంది. అందువలన నేర్పరులు పలుచని పొరలు అనేకం వేసి, సందులలో ముదురు రంగు నింపి, అవసరమైనచోట మెరుపును తగ్గిస్తారు. ఇళ్ళ నమూనాలకూ ఇదే వర్తిస్తుంది.

* స్పష్టత: చిన్న వస్తువుకు కెమెరా దగ్గరగా వెళ్ళినకొద్దీ దాని ముందు, వెనుక భాగాలు మసకబారతాయి. పెద్ద కట్టడాన్ని దూరం నుండి చూసినపుడు ఇట్లా జరగదు. కనుక మసక కనబడగానే కన్ను మోసాన్ని పసిగడుతుంది. దీనిని నివారించడానికి లెన్సు ద్వారాన్ని బాగా కుదించాలి. అట్లా కుదిస్తే ఫిల్ముకు అందే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి దీపాల బలం ఎన్నో రెట్లు పెంచవలసి ఉంటుంది.

* కెమెరా ఎత్తు: నమూనాను నిలబడిన మనిషి ఎత్తు నుండి చూస్తే అది బొమ్మ. నమూనా కొలత ప్రకారం అందులో ఒక మనిషి నిలబడితే అతని కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అక్కడికి కెమెరాను దించితే అది వీధి.

* వేగం: కదిలే నమూనాలను మామూలు కంటే ఎక్కువ వేగంతో చిత్రీకరించి, మామూలు వేగంతో ప్రదర్శించాలి. వేగాన్ని కొలత యొక్క వర్గమూలం మేరకు పెంచాలన్నది నియమం. 1:25 కొలతలోని కారు కొండపై నుండి పడే దృశ్యానికి 25 వర్గమూలం 5 కనుక, సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములు తీయాలి. లేనిచో కారు అగ్గిపెట్టె పడినట్లు పడుతుంది. కదలిక లేని నగర నమూనాకు ఈ చిక్కు లేదు. అక్కడ భారమంతా వెలుతురుపైననే ఉంటుంది.

వెన్నెల, బహురూపాలు

మాయాబజార్‌లోని నౌకావిహార గీతంలో కనిపించే వెన్నెల బార్ట్లే కల్పించినదే. ఆ గీతంలో కొంత భాగాన్ని మద్రాసు సమీపంలోని ఎన్నూరు వద్ద, మిగిలిన భాగాన్ని స్టూడియోలో చిత్రీకరించారు. రెండుచోట్ల తీసిన దృశ్యాలూ ఒకే రాత్రిలో జరిగినట్లు కనిపించడం ఇందులోని విశేషం.

జగదేకవీరుని కథ (1961) చిత్రంలోని ఒక పాటలో ఎన్.టి.రామారావు ఒకే తెరపై ఐదుగురిగా కనబడతాడు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో ఇటువంటి దృశ్యాలకు ఫిల్ములో కొంత భాగాన్ని మూసి, మిగిలిన భాగంపై చిత్రీకరించి, ఫిల్మును వెనుకకు తిప్పి మళ్ళీ తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, ఒక్క దీపం తేడాపడినా అంతవరకు చేసిన శ్రమ వృథా అయ్యేది. విజయా సంస్థ హిందీలో నిర్మించిన రామ్ ఔర్ శ్యామ్ (1967) చిత్రానికీ బార్ట్లేయే ఛాయాగ్రాహకుడు. ఇందులో దిలీప్ కుమార్ ద్విపాత్రాభినయం చేశాడు.

ఇతర భాషా చిత్రాలు, పురస్కారాలు

రాము కరియత్ దర్శకత్వం వహించిన మలయాళ చిత్రం చెమ్మీన్ (1965) ద్వారా బార్ట్లే రంగుల ఛాయాగ్రహణంలోనూ తన ప్రతిభను నిరూపించుకున్నాడు. ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందిన తొలి దక్షిణ భారత చిత్రమిది. శాంతి నిలయం (1969) అనే తమిళ చిత్రానికి బార్ట్లే ఉత్తమ ఛాయాగ్రాహకునిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. 1993లో మరణించాడు.

తదనంతర ప్రభావం

తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. తరువాత జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు పరిశ్రమకు కేంద్రమయ్యాయి. వాహినీ స్టూడియో ఆవరణలో చాలా భాగం ఆసుపత్రిగా, వ్యాపార సముదాయంగా మారిపోయింది. నగరాలను, కూలే కట్టడాలను, దొర్లే కార్లను నేడు ఎక్కువగా కంప్యూటరులోనే సృష్టిస్తున్నారు. అయినను వెలుగు ఎటునుండి పడాలి, దూరపు వస్తువు ఎంత పలచగా కనబడాలి అన్న ప్రశ్నలు మారలేదు. ద్వారక నమూనా కోసం వేసుకొనవలసి వచ్చిన ప్రశ్నలే అవి.

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ మాయాబజార్‌కు రంగులు అద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. దీనివలన కొత్త తరం ప్రేక్షకులు ఆ చిత్రాన్ని థియేటర్లలో చూడగలిగారు. అయితే బార్ట్లే అమర్చిన దీపాలన్నీ నలుపు తెలుపుల మధ్యనున్న ఛాయలను ఉద్దేశించినవి. ఇతని పనితనాన్ని తెలుసుకోగోరువారు 1957 నాటి నలుపు తెలుపు ప్రతిని చూడడం అవసరం. స్టూడియోలలో వేసిన నిర్మాణాలను పని ముగియగానే విప్పివేయడం పరిపాటి. 300 ఇళ్ళ ఆ ద్వారకను నేడు చూడగలిగేది ఇతడు ఫిల్ముపై నిలిపిన ఆ కొద్ది దృశ్యాలలోనే.

ఛాయాగ్రహణం వహించిన కొన్ని చిత్రాలు

* స్వర్గసీమ (1945)
* గుణసుందరి కథ (1949)
* షావుకారు (1950)
* పాతాళభైరవి (1951)
* పెళ్ళిచేసి చూడు (1952)
* చంద్రహారం (1954)
* మిస్సమ్మ (1955)
* మాయాబజార్ (1957)
* అప్పుచేసి పప్పుకూడు (1959)
* జగదేకవీరుని కథ (1961)
* గుండమ్మ కథ (1962)
* చెమ్మీన్ (1965, మలయాళం)
* రామ్ ఔర్ శ్యామ్ (1967, హిందీ)
* శాంతి నిలయం (1969, తమిళం)