గండికోట ఎక్కిన వజ్రాల వ్యాపారి

మాది ప్రొద్దుటూరు. బంగారం అంగళ్ల మధ్య పెరిగినోణ్ణి కాబట్టి టావెర్నియర్ అంటే నాకు మొదట్నుంచీ ఆసక్తి.

1605లో పారిస్‌లో పుట్టాడు. నాన్న పటాలు అమ్మేవాడు. అవి చూసే ఊళ్లు తిరిగే పిచ్చి పట్టిందట. ఆరుసార్లు తూర్పు దేశాలకు వచ్చాడు.

1652లో గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మబోతే, ముందు మీర్ జుమ్లాకు చూపించాలన్నారు. ఆయనేమో కొత్తగా గెలిచిన గండికోటలో ఉన్నాడు. ఇంకేముంది, మన జమ్మలమడుగు దిక్కు బయల్దేరాడు.

కొండపైకి ఒకటే దారి, పక్కనే లోయ. తీరా ఎక్కితే రాళ్ల నడుమ చిన్న మైదానం, వరి, చిరుధాన్యాల చేలు, వాటికి పారే ఊటనీళ్లు! సహారాలో బెర్బర్ల ఒయాసిస్సు గురించి చదివితే నాకు ఇదే గుర్తొస్తుంది. రత్నాలు తూచే మనిషి ఆ ఊటల్నీ మర్చిపోకుండా 1676లో అచ్చయిన పుస్తకంలో ఎక్కించాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను ఒక ఫ్రెంచివాడు కరిగించి ఫిరంగులు పోయాలని చూడడం కూడా రాశాడు. అది చదివితే మాత్రం కడుపు తరుక్కుపోయింది.

తర్వాత పెద్ద నీలివజ్రాన్ని 14వ లూయీకి అమ్మాడు. ఎనభై దాటాక కూడా ప్రయాణం మానలేదు, 1689లో మాస్కోలో పోయాడు.

మొన్న ఎండాకాలం పులివెందుల ఫ్రెండ్‌తో కోటకు పోయినా. అందరూ పెన్నా లోయ దగ్గర సెల్ఫీలు దిగుతుంటే, మేం ఆ ఊటలు యాడున్నాయా అని మధ్యాహ్నం దాకా వెతికినాం. చివరికి బాటిల్ నీళ్లు కొనుక్కుని తాగినాం.