దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడే ఉక్కు: రాబర్టు హాడ్‌ఫీల్డు జీవితం

జనగామ, మానుకోట వంటి రైల్వే స్టేషన్ల దగ్గర బండి లైను మారేటప్పుడు టకటకమని చప్పుడవుతుంది. పట్టా పట్టాను దాటే చోట చిన్న సందు ఉంటుంది. చక్రం ఆ సందు దాటిన ప్రతిసారీ పట్టా మొనకు గట్టి దెబ్బ తగులుతుంది. మామూలు ఉక్కు అక్కడ ఎక్కువ కాలం నిలవదు. అందుకే రైల్వేలు ఆ క్రాసింగులకు మాంగనీసు కలిపిన పోత ఉక్కును వాడుతున్నాయి. ఆ ఉక్కును లోకానికి అందించినవారు సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు.

ఆయన 1858లో ఇంగ్లండులోని షెఫీల్డులో జన్మించారు. ఆ ఊరు ఉక్కుకు పెట్టింది పేరు. తండ్రి 1872లో పోత ఉక్కు కార్ఖానా పెట్టారు. ట్రాము బండ్ల చక్రాలకు తొందరగా అరగని లోహం కావాలని కుమారుడు ప్రయోగాలు మొదలుపెట్టారు. ఉక్కులో మాంగనీసు నాలుగైదు పాళ్లకు పెరిగితే పెళుసెక్కి సుత్తి దెబ్బకే ముక్కలయ్యేది. అందువల్ల అది పనికిరాదని అనుకునేవారు. ఆయన మాత్రం పాళ్లు పెంచుతూ పోయారు. నూటికి సుమారు 12 పాళ్లు చేరేసరికి ఉక్కు గుణమే మారిపోయింది. అది 1882. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు నిండలేదు.

మన ఊరి కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అది గట్టిపడుతుంది. ఈ ఉక్కు సంగతి వేరు. సుమారు వెయ్యి డిగ్రీలకు కాల్చి నీళ్లలో ముంచితే దీని పెళుసుతనం పోతుంది. తరువాత దెబ్బలు తగిలినకొద్దీ పైపొర గట్టిపడుతుంది, లోపలి భాగం విరగకుండా కాచుకుంటుంది. దీన్ని కోయడం, తొలచడం కష్టం. కనుక కావలసిన ఆకారంలోనే పోత పోస్తారు. అయితే దెబ్బ లేకుండా ఉత్త ఇసుక రాపిడే ఉన్నచోట దీనివల్ల అంత లాభం లేదు.

కంకర మిల్లుల్లో రాయిని నలిపే పలకలకు ఇదే ఉక్కు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల టోపీలకూ వాడారు. హాడ్‌ఫీల్డు రూపొందించిన మరొకటి సిలికాన్ ఉక్కు. భూపాలపల్లి దగ్గరి చెల్పూరు కేంద్రంలో పుట్టిన కరెంటు పొలం మోటారుకు చేరాలంటే ట్రాన్స్‌ఫార్మర్లు దాటాలి. వాటి లోపల సాధారణంగా ఉండేవి సిలికాన్ ఉక్కు రేకులే.

1888లో తండ్రి మరణించాక కార్ఖానా బాధ్యత ఆయనపై పడింది. ఎనిమిది గంటల పనిదినం ఇంకా అరుదైన 1890వ దశకంలోనే తన కార్మికులకు దాన్ని అమలు చేశారు. 1908లో సర్ బిరుదు, మరుసటి ఏడు రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి.

మన తెలంగాణలో కోనసముద్రం వంటి ఊళ్లలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పూర్వం విదేశాలకు వెళ్లేది. భారతదేశపు ఆ రకం ఉక్కు గుట్టు తెలుసుకోబోయి మైకేల్ ఫారడే ఉక్కులో ఇతర లోహాలు కలిపి చూశారు. నూరేళ్ల తరువాత ఫారడే దాచిన ముక్కలను పరీక్షించి, 1931లో గ్రంథం ప్రచురించినవారు హాడ్‌ఫీల్డే. 1940 సెప్టెంబరు 30న, 81వ ఏట ఆయన కన్నుమూశారు. పనికిరాదని లోకం వదిలేసిన చోట ఇంకొక్క అడుగు వేయడమే ఆయన సాధించిన విజయానికి మూలం.